కుండలో పోసిన టర్కీ వైన్

"నువ్వు దాన్ని కుండల వోసినవా అవ్వా?"

"పోసిన. పొయ్యకుంటే పగులుతుండె."

"ఎందుకు వగుల్తది? అదేమన్న సోడాబుడ్డా?"

"సీస మూతికున్న బెండు పైకి లేసింది. నువ్వు గద్వాలకు వోయినంక ఏలెడు లేసింది. నా కండ్లతోని జూసిన."

"ఎండకు లేస్తదవ్వా. లేస్తే ఒత్తి ఊకోవాలె. తీసి పొయ్యుమని నీకెవరు జెప్పిన్రు?"

"నా ఇంట్ల నాకొకరు జెప్పాల్నా? మూతి బిగవట్టిన కల్లు ఏమైతదో నీకేం ఎరుక?"

"అది కల్లు గాదు, వైన్. టర్కీలకెల్లి వచ్చింది. నాకిచ్చింది ఒక్కటే సీస."

"వైనో, వంకాయనో. పులిసిందంటే పొంగుతది."

ఆమె చేతిలో ఉన్న సంచిని అక్కడే దించి గడప మీద కూర్చుంది. సంచిలో గద్వాల నుంచి తెచ్చిన మేకమాంసం, నాలుగు పెద్ద వంకాయలు ఉన్నాయి. ఏడ్చి ఉంటే నేను ఇంకో రెండు మాటలు అని ఉండేదాన్ని. ఏడవలేదు. "ఇగ వోయింది" అని మాత్రం నేల చూస్తూ అంది. 

ఆమె నా మనవరాలు. నా కొడుకు వనపర్తిలో కుట్టు దుకాణం నడుపుతాడు, అతని పెద్ద కూతురు. ఇంటర్ అయిపోయాక హైదరాబాదులో వంట చదువు చదివి, అక్కడే ఒక పెద్ద హోటల్ వంటశాలలో చేరింది. చేరి మూడేండ్లయింది. ఈ మూడేండ్లూ ఉల్లిగడ్డలు కోయడం, అల్లం గీకడం, మాంసం కడగడం. పొయ్యి ముందు నిలబడనివ్వలేదు. ఇప్పుడు ఆ హోటల్లో టర్కీ దేశం నుంచి ఒక ఎర్ర వైన్ తెప్పించారట. వంటశాల పెద్దాయన కోతపని చేసే నలుగురినీ పిలిచి తలా ఒక సీసా ఇచ్చి, "మీ మీ ఇండ్లకు పోండి. దీని పక్కన కూర్చునే వంట ఒకటి మీ ఇంట్లో వెతికి రండి. ఎవరిది కుదిరితే వాళ్లు పొయ్యి మీదికి వస్తారు" అన్నాడట. సీసా తీసుకుని వనపర్తికి పోతే తండ్రి వాకిలి దాటనివ్వడు. అందుకే ఇటిక్యాల దగ్గరి మా పల్లెకు, నా దగ్గరికి వచ్చింది.

నేను మటుకు ఏమన్నా మెత్తగా రానిచ్చానా? సీసా చూసి దేవుని అర్రకు తాళం వేశాను. వంటింట్లో పెట్టవద్దన్నాను. గింజలు పెట్టుకునే చీకటి గదిలో జొన్నల బస్తా వెనుక పెట్టుకొమ్మన్నాను. ఆమె అన్నిటికీ తల ఊపింది. సాయంత్రం వాకిట్లో కూర్చుని, మెలికల చీల లాంటిది ఒకటి తిప్పి బెండు తీసి, ఒక గుక్క నోట్లో పోసుకుని మొహం ముడిచింది.

"ఎట్లున్నది?" అన్నాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"పచ్చి నేరేడువండు తిన్నట్టు నోరు ఎండుకవోయింది."

"గింత దానికి గంత దూరంకెల్లి తెచ్చిన్రా?"

అప్పుడు చెప్పింది. ఆ వైన్ రెండు రకాల ద్రాక్షలు కలిపి చేస్తారట. ఒకటి లావుగా, నల్లగా, గుండ్రంగా ఉంటుంది. దానికి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు ఎద్దుకన్ను. రెండోది చిన్నగా, తోలు మందంగా ఉంటుంది. దాని పేరు గొంతుమంట. మొదటిది ఒక్కటే అయితే పండ్లరసంలా మెత్తగా జారిపోతుంది, నిలవదు. రెండోది ఒక్కటే అయితే మింగుడుపడదు. అందుకని రెండింటినీ కలుపుతారు.

నేను బియ్యం ఏరుతూ వినీవిననట్టు ఉన్నాను. కానీ విన్నాను. కొత్త కోడెను కాడికి అలవాటు చేయాలంటే పాత ఎద్దు పక్కన కడతాం. కోడె గుంజుతుంది, ఎద్దు నిదానిస్తుంది, సాలు వంకర పోకుండా వస్తుంది. ఆ దేశంలో కూడా ఎవరో రైతు ఇట్లాగే ఆలోచించి ఉంటాడు అనుకున్నాను. అనుకోగానే చేట మీది చేయి ఆగిపోయింది. నేను ఎన్నడూ చూడని ఒక కొండ వాలు కండ్ల ముందుకొచ్చింది. తీగ తీగకూ నల్లటి ఎద్దుకండ్లు వేలాడుతున్నాయి. ఎండ వాలుతుంటే అవన్నీ మెల్లగా రెప్పలు వేస్తున్నాయి. ఎవరో ఒక ముసలామె, నా వయసుదే, కొంగు నడుముకు చుట్టుకుని ఆ కండ్ల మధ్య నుంచి నడిచిపోతోంది. ఆమె కాలికింద నేల మా నేల లాగే ఎర్రగా ఉంది. మనవరాలు బెండు మళ్లీ బిగించి లోపల పెట్టి వచ్చేదాకా నేను ఆ వాలు మీదనే ఉన్నాను.

తెల్లవారి ఆమె మాంసానికి గద్వాల పోయింది. జొన్నలు తీయడానికి గదిలోకి పోతే బెండు లేచి కనిపించింది. అంతే, నాకు మన్ననూరు బస్సు గుర్తొచ్చింది.

నేను పుట్టింది తిమ్మాజిపేట పక్కన. మూడో తరగతి దాకా బడికి పోయి, ఆ తర్వాత మేకల వెంబడి పోయాను. పెండ్లయిన కొత్తలో మా అన్న మన్ననూరులో అడవి శాఖ కింద కూలి చేసేవాడు. ఆ అడవిలో అన్నీ దొరుకుతాయి గాని మా ఊరి ఈతకల్లు దొరకదని వచ్చినప్పుడల్లా అనేవాడు. ఒక ఎండకాలం పుట్టింటికి పోయిన నేను, పొద్దున దించిన కల్లును రెండు సీసాల్లో పట్టించి, మొక్కజొన్న బెండు చెక్కి మూతికి దిగగొట్టి, గుడ్డ చుట్టి ఒడిలో పెట్టుకుని బస్సెక్కాను. చుక్క ఒలకకూడదని ఇంకో రెండు దెబ్బలు గట్టిగానే వేశాను.

అచ్చంపేట దాటాక బస్సు అడవిలోకి దిగింది. దారికి రెండు పక్కలా ఆకు రాలిన చెట్లు, వాటి మధ్య నీలంగా పొగలాంటి వేడి. నాకు కునుకు పట్టింది. ఆ కునుకులో మొదటి సీసా బెండు ఎగిరి బస్సు కప్పుకు తగిలింది. తెల్లటి నురుగు కండక్టరు టికెట్ల పెట్టె మీద పడింది. నేను లేచేలోపు రెండోది ఒడిలోనే పగిలింది. డ్రైవరు బస్సు ఆపాడు. ఎవరూ తిట్టలేదు. "ఇగ టికెట్లు చదవరాదు, వాసన జూసి దిగుండ్రి" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. కిటికీల్లోంచి అడవిగాలి వస్తుంటే ఆ పులిసిన తీపి వాసన అందరి మీదుగా తేలుతూ పోయింది. పిల్లలు నిద్రలోకి జారారు, పెద్దవాళ్లు పాత ముచ్చట్లు తీశారు. మన్ననూరులో దిగితే మా అన్న "ఏం తెచ్చినవ్ చెల్లె" అన్నాడు. తడిసిన కొంగు చూపించాను. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కండ్లు మూసుకున్నాడు. నా బొటనవేలి మీద గాజు గీసిన గాటు ఇప్పటికీ ఉంది.

అప్పటినుంచి పులిసే దేన్నీ మూతి బిగించి ఉంచను. కుండలో పోసి, పలుచటి గుడ్డ కడతాను. అడుగు మడ్డి మాత్రం కలపను. మడ్డి కలిస్తే మిగతాది చెడుతుంది. ఈ వైన్‌కు కూడా అదే పద్ధతి నడిపించాను. నీళ్లు పోసి వాడిన పాత కుండ, శుభ్రంగా కడిగిందే. మూతికి నా పాత చీర ముక్క. నేను చేసిన పనికి మురిసిపోయాను కూడా. పిల్ల వస్తే మెచ్చుకుంటుందనుకున్నాను.

ఇప్పుడు పిల్ల గడప మీద కూర్చుని ఉంది. సంచి పక్కకు జరిపి తల ఎత్తింది.

"సీస బస్సుల వగిలిందని సార్‌కు జెప్త."

"ఎందుకు? బస్సేం జేసింది?"

"ఇంకేం జెప్పాలె?"

"మా అవ్వ కుండల వోసిందని జెప్పు."

"నగుతరవ్వా."

"నగనీ. ఆల్ల పండ్లు, ఆల్ల నోరు."

"నీకేం, నువ్వీడ ఉంటవు. ఆడ నలుగుట్ల నేనొక్కదాన్నే ఊరిదాన్ని. నేనేమన్నా ముందుగాల నగి, తర్వాత మాట ఇంటరు. వైన్ ఇస్తే కుండల వోసుకున్న పిల్ల అని పేరు వెడితే, ఆ పేరు పోయేదాంక ఉల్లిగడ్డలే గోస్తుండాలె."

 పోసింది నేను. తప్పు మోయాల్సింది నేను, బస్సు కాదు. అబద్ధంతో పొయ్యెక్కితే ఆ పొయ్యి ముందు నిలబడ్డప్పుడల్లా అదే గుర్తొస్తుంది. ఇదంతా చెప్పే ఓపిక లేక "మాంసం తెచ్చినవు. ఎండకు పాడైతది. లేసి వండు" అన్నాను.

"ఎందుకవ్వా ఇగ?"

"తినడానికి. మాంసమేమన్నా పారవోసుకునే సరుకా?"

లేచింది. ఇద్దరం పొయ్యి దగ్గర చేరాం. మాంసంలో సగం నా పద్ధతిలో, చింతపులుసు పోసి, ఎర్రకారం వేసి వండాలన్నాను. మిగతా సగం ఉప్పు పట్టించి ఎండేయడానికి పక్కన పెట్టాను. వంకాయలు బొగ్గుల మీద కాల్చి పల్లీలు నూరి కలపాలంది ఆమె. నేను ఉట్టి మీది డబ్బా దించాను. అందులో ఎండకాలం మొదట్లో ఎండబెట్టిన ఒట్టి తునకలు ఉన్నాయి. మాంసాన్ని పొడుగ్గా చీల్చి, ఉప్పు, పసుపు రాసి, దండెం మీద నాలుగు రోజులు గట్టి ఎండకు వేస్తే కట్టెముక్కల్లా అవుతాయి. కూరకు ఏమీ లేని రోజున నాలుగు తీసి వేయించుకుంటాం.

"కారం తగ్గియ్యవ్వా. కారమెక్కువైతే ఆ వైన్ గొంతుల నిప్పు వెడ్తది."

"కారం లేని కూర దవాఖానల వండుతరు."

"జర తగ్గియ్యి."

"నా చేయికి అంతే తెలుసు."

నా కూర నా కారంతోనే ఉడికింది. పొద్దు గుంకేవేళకు జొన్నరొట్టెలు కాల్చి, అన్నీ వాకిట్లో పెట్టుకున్నాం. నీళ్లు చల్లిన వాకిలి ఆవిరి కక్కుతోంది. ఆమె కుండ గుడ్డ విప్పి స్టీలు గ్లాసులో కొంచెం వంచింది. కుండ తాను పీల్చగలిగినంత పీల్చుకుంది, బయట చెమ్మ ఎర్రగా పట్టి ఉంది. ఆమె వాసన చూసింది. గుక్క తీసుకుంది. మొహం ముడుచుకోలేదు. మళ్లీ తీసుకుంది.

"మెత్తవడ్డదవ్వా," అంది మెల్లగా. "గాలి తగిలి మెత్తవడ్డది. మట్టి వాసన కూడ వచ్చింది."

"మరి మంచిగయినట్టే గద."

"కాదు. ఆడ సీసలకెల్లి పోస్తరు, కుండలకెల్లి గాదు. దీనికి కుదిరింది దానికి కుదరదు. నేను దేన్ని జూసి వండాలె?"

అప్పుడు నాకు మడ్డి గుర్తొచ్చింది. మడ్డి అనుకుని నాలుగు వేళ్ల మేర సీసాలోనే వదిలేసి, బెండు పైపైన పెట్టి, పొయ్యి పక్క గూట్లో నిలబెట్టాను. రాగిచెంబు తోమడానికి పనికొస్తుందని పారబోయలేదు. తెచ్చి ఇచ్చాను. ఆమె దాన్ని దీపం బల్బు ముందు పట్టుకుని చూసింది. ఇసుకంత నలక అడుగున ఉంది, మిగతాదంతా తేటగానే ఉంది.

"ఎందుకు వొయ్యలె ఇది?"

"మడ్డి గద."

నా వైపు చూసింది. మధ్యాహ్నం నుంచి మొదటిసారి ఆమె మొహం సడలింది. రెండు గ్లాసుల్లో రెండూ పోసి పక్కపక్కన పెట్టింది. కుండది ఒకటి, సీసాది ఒకటి. నా కూరతో మొదలుపెట్టింది. చింతపులుసుకు రెండు గ్లాసుల్లోని వైనూ చప్పబడి నీళ్లయింది. కారానికి సీసాలోది నాలుకను కొరికింది. ఆమె కండ్లలో నీళ్లు తిరిగాయి. నేను అటు తిరిగి రొట్టె తుంచుకున్నాను. కాల్చిన వంకాయకు కుండలోది ఎంత చక్కగా కుదిరిందంటే, పొగ ఏదో వైన్ ఏదో తెలియడం లేదంది. కానీ అదే వంకాయ సీసాలోదానితో తింటే చేదెక్కింది.

"నువ్వు సూడవ్వా," అని గ్లాసు నా ముందుకు జరిపింది.

నేను కల్లు తాగని మనిషినేం కాదు. పల్లీ పీకే రోజుల్లో, పొద్దంతా వంగి నడుములు పట్టుకుపోతే, సాయంత్రం ఈతచెట్ల కింద ఆడవాళ్లమంతా మోదుగాకు దొప్పల్లో తాగేవాళ్లం. అప్పుడు నాతో పనిచేసిన వాళ్లలో ఇద్దరే మిగిలారు. ఎన్నో ఏండ్లయింది మానేసి. ఎందుకు మానేశానో కూడా గుర్తులేదు. కలిసి తాగే మనుషులు తగ్గితే అదే మానుకుపోతుందేమో.

కుండలోది ఒక గుక్క తీసుకున్నాను. ఎండిన నేల మీద తొలి చినుకు పడ్డప్పుడు వచ్చే వాసన ముందు వచ్చింది. దాని వెనుక నేరేడు, దాని వెనుక నాకు పేరు తెలియని పండు ఏదో. గుక్క దిగాక కూడా అది నోట్లోనే నడుస్తూ ఉంది. వాకిలి కొంచెం వెడల్పయినట్టు, పక్కింటి మేకల గంటలు చాలా దూరం నుంచి వస్తున్నట్టు అనిపించింది. ఈతచెట్ల నీడ వచ్చి మా మంచం కాళ్ల దగ్గర పడుకుంది. దొప్పల నుంచి కారిన చుక్కలు ఎవరివో చేతుల మీద మెరిశాయి. పోయినవాళ్లు, ఉన్నవాళ్లు అందరూ పల్లీ బుడ్డలు ఒలుస్తూ కూర్చున్నారు. వాళ్ల పక్కన ఆ ఎర్రనేల ముసలామె కూడా ఉంది, కొంగు నడుముకు చుట్టుకుని. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. అడగాల్సిన అవసరం కూడా రాలేదు. బుడ్డలు చిట్లుతున్న చప్పుడు ఒక్కటే అందరికీ సరిపోయింది.

"అవ్వా, నిద్రవోయినవా?"

"లేదు."

"మరి ఎట్లున్నది?"

"ఉన్నది," అన్నాను. అంతకంటే ఎక్కువ మెచ్చుకోవడం నాకు రాదు. సీసాలోది కూడా చుక్క నాలుక మీద వేసుకున్నాను. గొంతుమంట అని పేరు పెట్టినవాడు అబద్ధం చెప్పలేదు.

చివరికి ఒట్టి తునకలు మిగిలాయి. వాటిని ఆమె దంచి, మేకకొవ్వులో ఎల్లిగడ్డతో వేయించింది. కారం పొడి చేతిలోకి తీసుకుని నా వైపు చూసింది. నేను పొయ్యిలోకి చూశాను.

"సగం ఎయ్యి," అన్నాను.

"సగమా?"

"చెవుడా నీకు?"

సగమే వేసి, మిరియాలు నలిపి చల్లింది. రొట్టెముక్కలో పెట్టుకుని ముందు కుండది తాగింది, తర్వాత సీసాది తాగింది. నమలడం ఆపి, మళ్లీ నమిలి, మళ్లీ సీసాదే తాగింది. ఉప్పు, కొవ్వు తగిలేసరికి ఆ మంట అణిగి, లోపలి తీపి బయటికి వస్తుందట. కుండదయితే మెత్తగా కలిసిపోతుందట, సీసాదయితే నిలబడి కలుస్తుందట. నాకు ఆ తేడా అంత తెలియలేదు. ఆమె మొహంలో తెలిసింది. రెండింటికీ కుదిరిన వంట అదొక్కటే.

గిన్నెలు ఎత్తుతూ, "బస్సుల వగిలిందని జెప్తే, గీ రెండు గిలాసల ముచ్చట ఎట్ల జెప్తవు?" అన్నాను.

ఆమె ఎంగిలి గ్లాసులు తీసుకుని గిన్నెలు తోమే జాలారి వైపు పోయింది.

తెల్లవారి ఏడు గంటలకు వాకిట్లో నిలబడి వాళ్ల పెద్దాయనకు ఫోన్ చేసింది. "సార్, మా అవ్వ వైన్‌ను కుండలో పోసింది" అని చెప్పింది.  తర్వాత ఆయన ఒక్కొక్కటీ అడుగుతుంటే ఆమె చెబుతూ పోయింది. కుండలో ఎట్లా మారింది, సీసాలో ఎట్లా ఉంది, పులుసుకు ఎందుకు పడలేదు, వంకాయకు ఎక్కడ తప్పింది, ఒట్టి తునకలకు ఎట్లా కుదిరింది. పాలు కాగి చల్లారేదాకా మాట్లాడింది. ఫోన్ పెట్టేసి, "నగిండు. ఇంకో సీస ఇయ్యడంట. గురువారం ఆయన ముందరనే వండాల్నంట, సీస ఆడనే తెరుస్తరంట. కుదరకుంటే మల్ల ఉల్లిగడ్డలే అన్నడు" అంది. డబ్బాలో ఉన్న ఒట్టి తునకలన్నీ కాగితంలో చుట్టి ఆమె సంచిలో పెట్టాను. ఎనిమిది గంటల బస్సు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆమె ఎక్కింది. నేను ఇంటికి వచ్చి, మిగిలిన మాంసాన్ని చీల్చి దండెం మీద ఎండేశాను.